మాస్టారి ఓటు

పందొమ్మిది వందల యాభైల చివర్లో నేను బందరులో హైస్కూలు టీచరుని. విశ్వవిద్యాలయ సెనేట్‌కు కొందరు సభ్యులను పట్టభద్రులే ఎన్నుకునే రోజులవి. పేరు నమోదు చేయించుకున్నవారికి ఓటు కాగితం పోస్టులో ఇంటికే వచ్చేది. అభ్యర్థుల పేర్ల పక్కన ఒకటి, రెండు, మూడు అని మన ఇష్టప్రకారం అంకెలు వేసి, తిరిగి పోస్టు చేయాలి. పోటీదారుల తరఫు మనుషులు ఇళ్ళకు వెళ్ళి ఖాళీ ఓట్లు పోగుచేసుకునేవారు. అందరూ చేసే పనే కనుక అది తప్పని నాకూ తోచలేదు.

ఆ ఏడు పోటీ చేస్తున్న గుడివాడ ప్లీడరుగారు ఒక కాలేజీ కమిటీలో ఉండేవారు. ఆ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం మీద నాకు ఆశ.

"దివిసీమ మీదే కదయ్యా. అక్కడి ఓట్లు నువ్వు చూసుకో, నీ సంగతి నేను చూస్తాను," అన్నారు.

నా జాబితాలో చివరి పేరు కోడూరులో నాకు చదువు చెప్పిన మాస్టారిది. వాళ్ళ పేటలో మొదట బి.ఏ. ప్యాసైంది ఆయనే. ఓటు కాగితాన్ని బైబిల్లో దాచి ఉంచారు. అప్పటికే చూపు బాగా తగ్గింది.

"నిన్న మేకకి దండం పెట్టారు నాయనా, పాస్టరుగారనుకుని," అంది వాళ్ళావిడ.

"మేకే నయం. గంటసేపు ప్రసంగం చెయ్యదు," అన్నారాయన. తర్వాత కాగితం నా చేతికిచ్చారు. "ఒకటో అంకె బందరు లెక్చరరుగారికి వెయ్యరా. మన దివిసీమకి కాలేజీ కావాలని అడుగుతున్నది ఆయనొక్కడే. నాకు గడులు కనపడటం లేదు."

ప్లీడరుగారి పేరు పక్కన ఒకటి వేశాను. లెక్చరరుగారికి రెండు కూడా వేయలేదు.

"వేశావా?"

"వేశానండీ."

సంతకం ఎక్కడ చేయాలో వేలు పెట్టి చూపించాను. కవరు ఆయనే తడుముకుంటూ అంటించారు.

ప్లీడరుగారు గెలిచారు. జూన్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్పడానికి వెళితే మాస్టారు నన్నే ఓదార్చారు. "లెక్చరరుగారు ఓడిపోతే ఏం చేస్తాంరా? మన రెండు ఓట్లూ ఆయనకే పడ్డాయి కదా."

"అవునండీ," అన్నాను.

ఓటు వేసిన రోజు డైరీలో బస్సు వేళలతో సహా అన్నీ ఉన్నాయి. 'మాస్టారి ఓటు పోస్టు చేశాను' అని ఉంది. ఎవరికి వేశానో లేదు.

తర్వాతి ఎన్నిక వచ్చినప్పుడు నన్ను రమ్మని ఆయన కార్డు రాయించారు. ఆయన ముందు మళ్ళీ కలం పట్టుకుని కూర్చోలేక, పరీక్షల పని ఉందని జవాబిచ్చాను. ఇంకెవరినైనా పిలుచుకుంటారులే అనుకున్నాను. మాస్టారు పోయాక పలకరించడానికి వెళ్ళినప్పుడు వాళ్ళావిడ బైబిలు తెరిచి చూపించింది. అంకెలు వేయని ఓటు కాగితం అందులోనే ఉంది.

"నువ్వొస్తావని ఉంచారు నాయనా. ఇంకొకళ్ళ చేత వేయించనన్నారు."