దయ్యాల రాజు కండక్టరైన కథ

నవ్వించడానికి గీసిన బొమ్మల కథ చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాణ్ని మీరు చూసి ఉండరు. అంతటితో ఆగకుండా, అది గీసిన మనిషి చేత పెన్సిల్ పారేయించబోయినవాణ్ని అసలే చూసి ఉండరు. ఆ ఘనుణ్ని నేనే.

రెండువేల పన్నెండు ప్రాంతం. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాను. లైబ్రరీలో నా ఎదురు కుర్చీ లావణ్యది. నారాయణగూడలో డిగ్రీ చదువుతూ, ఇంటర్నెట్‌లో వారం వారం ఒక బొమ్మల కథ పెడుతుండేది. సిటీ బస్సు కండక్టర్ ఒకడు ఫుట్‌బోర్డు మీంచి జారి దయ్యాల లోకంలో పడతాడు. వాటికి టికెట్లు కొడుతూ కొడుతూ చివరికి రాజైపోతాడు. అసలు కథ ఇదని నాకు తరవాత తెలిసింది.

ఇంట్లోవాళ్ళు ఈ పిచ్చిగీతలు మానెయ్యమంటున్నారట. "నువ్వు అబద్ధమాడవని అడుగుతున్న. సదివి చెప్పు. బాగలేకుంటే ఇగ బంద్ జేస్త," అంది. లావణ్య నన్ను ఒక మాట అడగడమే గొప్ప. ఆ సాయంత్రమే చిక్కడపల్లి నెట్ సెంటర్లో కూర్చున్నాను.

తెర మీద అన్నిటికంటే కొత్త పేజీ ముందు వచ్చింది. దాని కింద వెనకటి పేజీకి వెళ్ళే మీట ఉంది. పరీక్షలో తాజావే ఎక్కువ అడుగుతారని మేం కరెంట్ అఫైర్స్‌ను కొత్త నెల నుంచి వెనక్కి చదివేవాళ్ళం. ఆ అలవాటు కొద్దీ నొక్కుకుంటూ పోయాను.

సింహాసనం మీది రాజు పేజీ పేజీకీ దిగజారుతున్నాడు. కిరీటం పోయింది, సైన్యం పోయింది. తెగిన దయ్యాల ముక్కులు మళ్ళీ అతుక్కుంటున్నాయి. జవాబు ముందొచ్చి, ప్రశ్న తరవాత వస్తోంది. నాకు తల తిరిగిపోయింది. అర్థం కాలేదు కాబట్టి గొప్ప సాహిత్యమే అయి ఉంటుందనుకున్నాను. అంతటి రాజూ చివరికి చిల్లర కోసం తిట్లు తినే కండక్టరై మిగిలేసరికి దుఃఖం ఆగలేదు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు నాకంటే నయం. వాడు కనీసం మొదటి నుంచి విన్నాడు.

మర్నాడు లావణ్యకు నా తీర్పు చెప్పాను. "ఒక్క తాన గూడ నవ్వు రాలే. మస్తు ఏడ్చిన."

"కామెడీ గదా అది?"

"పైకే కామెడీ. లోపలంత పతనమే. గుండె పిండేసినవ్."

ఆమె పెన్సిళ్ళు సంచిలో వేసుకుంది. అంత పొగిడితే ఆమె కళ్ళలో నీళ్ళెందుకో నాకు అంతుబట్టలేదు. భయమేసింది. భయంలో ఇంకొంచెం పొగిడాను: ఆఖరికి రాజును బస్సులో నిలబెట్టడం అద్భుతమని.

లేవబోతున్నది ఆగింది. "ఆఖరుకు బస్సేంది? ఆఖరుకే గదా వాడు రాజయింది. నువ్వు యాడికెళ్ళి మొదలువెట్టినవ్?"

"పైనున్న దానికెళ్ళి. కొత్తది ముందుగాల."

ఆమె ఎంత నవ్విందంటే లైబ్రేరియన్ గారు మా ఇద్దరినీ బయటికి పంపించారు. మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ, ఇక బంద్ చెయ్యనని తనే చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండా కొత్త పేజీ వచ్చింది. దయ్యాల కొలువులో కొత్త మంత్రి చేరాడు. అర్జీలు ఆఖరి వాక్యం నుంచి చదువుతాడు, శుభలేఖ చూసి భోరుమంటాడు. ముక్కు అచ్చం నాదే. హాస్టల్ హాస్టలంతా పడీ పడీ నవ్వింది. నేను మాత్రం పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చదివాను. ఎటు నుంచి చదివినా ఆ వెర్రివాణ్ని నేనే.

అందుకని మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ బొమ్మల కథకైనా ఒకటో పేజీ ఎక్కడుందో గీసినవాళ్ళనే అడిగి, రూఢి చేసుకుని, ఆ తరవాతే ఏడుస్తాను.