దారం లేని కుట్టుమిషన్

మొన్న కామారెడ్డిల మా ఆయన కడిగిన బండినే మళ్లీ కడుగుతుంటే, ఎల్లారెడ్డిల మా బాపు కుట్టుమిషన్ యాదికొచ్చింది.

రెడీమేడ్ దుకాణాలొచ్చి గిరాకి తగ్గినా బాపు పొద్దంతా మిషన్ తొక్కేటోడు. ఒకరోజు వంగి చూస్తే సూది కింద బట్ట లేదు, సూదికి దారం లేదు.

"ఏం కుడుతున్నవ్ బాపూ?"

"ఏం లేదు బిడ్డా. కాళ్లు ఆగుతలేవు."

కండ్లు కనబడక దారం మర్చిపోయిండనుకొని నేనే ఎక్కిచ్చిన. బాపు మళ్లీ తొక్కిండు. బట్ట లేక దారమంత చిక్కుపడ్డది. ఆ చిక్కునే చూసుకుంట కూసున్నడు. ఏమైందని ఇంట్ల ఎవ్వరం అడగలేదు.

మొన్న మాత్రం మా ఆయన చేతులకెళ్లి గుడ్డ తీసుకున్న. "బండి సాఫ్‌గనే ఉంది. నీకేమైంది?"

ఆయన నల్లా బంద్ చేసిండు.

"నెలరోజుల సంది నిద్ర పడ్తలేదే" అన్నడు.