నా మెత్తని మాటకు పోశెట్టి పోయాడు

మెత్తగా మాట్లాడటం నేర్చుకోబోయి, బాన్సువాడలో ఒక మనిషిని నిక్షేపంగా బతికుండగానే చంపేశాను. ఆయుధం ఒక స్టూలు. మూర్ఖత్వం మాత్రం పూర్తిగా నాదే.

ఊళ్లో ఎస్టీడీ బూతులు ఇంకా కళకళలాడుతున్న రోజులు. ఒక ప్రైవేటు దవాఖాన ఎమర్జెన్సీ వార్డులో కొత్తగా చేరిన మగ నర్సును. మా పెద్ద నర్సు సుశీలక్క గొంతు బస్టాండు దాకా వినిపించేది. వచ్చినవాళ్లందరినీ తిట్టేది. ఆవిడ తిట్టిందంటే రోగికి ఫికర్ లేదని జనం లెక్క. ఆ లెక్క నాకప్పటికి తెలియదు.

నర్సులకు మాటతీరు నేర్పమని యజమాని హైదరాబాదు నుంచి ఒక కోచ్‌ను పిలిపించాడు. "బంధువుల పక్కన కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. గొంతు తగ్గించండి," అన్నాడాయన. సుశీలక్క ఆవలించింది. కోచ్ మెచ్చుకుంటేనే నా ఉద్యోగం ఖాయమవుతుంది కనక, నేను మాత్రం అద్దం ముందు సాధన చేశాను.

మర్నాడు పిట్లం వైపు నుంచి పోశెట్టి అనే రైతు తేలు కుట్టి వచ్చాడు. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గి, తెర వెనక నిద్రపోతున్నాడు. కోచ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను స్టూలు లాక్కుని పోశెట్టి భార్య సాయవ్వ పక్కన కూర్చుని, పెళ్లిపీటల మీద వరుడిలా చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది."

"గంత మెల్లగ మాట్లాడుతున్నవేంది బిడ్డా? మా ఆయనకేమైంది?"

"ధైర్యంగా ఉండండి. మేమంతా మీతో ఉన్నాం."

సాయవ్వ నా మొహం చూసింది, నా చేతిలోని తన చెయ్యి చూసింది, "నన్నిడిసి పోయినవా" అని రాగం తీసింది. ఆమె తమ్ముడు ఎస్టీడీ బూతుకు పరిగెత్తాడు. కాసేపటికి ట్రాక్టరు నిండా చుట్టాలు దిగారు. డప్పులవాళ్లకు కూడా చెప్పే వచ్చారట.

ఆ గోలకు పోశెట్టి లేచాడు. "ఎవలు పోయిండ్రు తమ్మీ?"

నేర్చిన విద్య ఊరుకుంటుందా? ఆయన చెయ్యీ పట్టుకున్నాను. "ధైర్యంగా ఉండండి."

ఆయన ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకున్నాడు. "అంటే నేనేనా?"

అప్పుడొచ్చింది సుశీలక్క. "ఎవడు సచ్చిండని గీ లొల్లి? నోర్లు మూసుకొని బయటికి నడువుండ్రి."

సాయవ్వ టక్కున కళ్లు తుడుచుకుంది. "అక్క తిడుతున్నది. ఇగ బతికే ఉన్నడు."

"ఈ అబ్బాయికి ఇంకా నేర్పాలి," అని యజమానితో చెప్పి కోచ్ చల్లగా తప్పుకున్నాడు. నా ఉద్యోగం గాలిలో వేలాడింది.

శిక్షణ చివరి రోజు, బస్టాండు దగ్గర మిర్చి బజ్జీలు దండిగా తిన్న కోచ్, గుండె పట్టుకుని మా వార్డుకే వచ్చాడు. ఈసీజీ చూసి డాక్టరు నా చెవిలో "గ్యాసే" అని నవ్వి వెళ్లాడు. నేను స్టూలు లాక్కున్నాను.

"సార్, మీ బాధ నాకు అర్థమవుతోంది."

"ఈసీజీలో ఏముందయ్యా?"

చెయ్యి పట్టుకున్నాను. "ధైర్యంగా ఉండండి సార్. మేమంతా మీతో ఉన్నాం."

మనిషి సున్నం కొట్టిన గోడలా తెల్లబడ్డాడు. "బాబూ, నీ ఉద్యోగం ఖాయం చేయమని ఇప్పుడే చెబుతాను. ఒక్కసారి ఆ సుశీలక్కను పిలిచి నన్ను తిట్టించు."

తిట్టించాను. హాయిగా నిద్రపోయాడు. నేను మాత్రం ఆ రోజే సూదిమందు సాక్షిగా ఒట్టేసుకున్నాను: బతికున్న మనిషి ముందు ఈ జన్మలో గొంతు తగ్గించనని.