లేచిందో లేదో చెప్పని స్టూడియో

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరుగారు రాస్తున్నారు. టీవీలో ఫుట్‌బాల్ ఆట మధ్యలో స్టూడియోలో కూర్చుని మాట్లాడేవాళ్ళ మీద నాకున్న కోపం ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి కదా.

మా ఆయన పోయాక చిన్నమ్మాయిని నందిగామలో హాస్టల్లో వేశాను. అక్కడ దానికి ఈ ఆట పట్టుబడింది. ఇప్పుడు ఊరూరా తిరిగి ఆడుతుంది. గోలు కాసే పిల్ల. ఆట సంగతి నాకేమీ తెలియదు. బంతి అవతలివైపు ఉన్నంతసేపూ నాకు పట్టదు. ఇవతలికి వచ్చిందంటే ఊపిరాడదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆట. మిరపకోత మానేసి ఇక్కడ మా జగ్గయ్యపేటలో టీచరుగారింట్లో కూర్చున్నాను. మా టీవీలో ఆ ఛానల్ రాదు. ఇంటర్వెల్ ముందు బంతి కోసం నా బిడ్డ దూకింది. అవతలి జట్టు పిల్ల మోకాలు దాని తలకు తగిలింది. బోర్లా పడింది. డాక్టరు సంచి పట్టుకుని పరిగెత్తుతుండగానే సగం ఆట అయిందని ఈల వేశారు. బొమ్మ మారిపోయి స్టూడియో వచ్చింది.

లేచిందా? నాకు కావలసింది అదొక్కటే.

నీలం కోటు ఆయన నవ్వుతున్నాడు. పక్కన ఇద్దరు పాత ఆటగాళ్ళు. మొదటి గోలు ఎలా పడిందో పసుపు గీతలు గీసి చూపించారు. తర్వాత వాళ్ళలో ఒకాయన బూట్లు మరిచిపోయి ఆటకెళ్ళిన కథ. మధ్యలో సబ్బు, సిమెంటు ప్రకటనలు. మళ్ళీ కోటాయన వచ్చి ఎవరు గెలుస్తారో ఫోన్లో ఓటు వెయ్యమన్నాడు. నా బిడ్డ పడడం ఒకసారి నెమ్మదిగా వేశారు. మోకాలు తగిలేదాకా చూపించి ఆపేశారు. భలే సాహసం అని మెచ్చుకుని వేరే మాటలోకి వెళ్ళారు.

కోతలో పక్కసాలులో కోసే ఆవిడ కళ్ళు తిరిగి పడితే సంచి అక్కడే వదిలేసి అందరం పరిగెడతాం. ఆవిడ నీళ్ళు తాగి లేచి కూర్చునేదాకా ఎవరమూ వేరే మాట ఎత్తం.

పిల్ల ఫోనుకు చేశాను. ఆటకు ముందే ఫోన్లు తీసేసుకుంటారు, తెలిసే చేశాను. వాళ్ళ కోచ్ మేడంకు చేస్తే ఆవిడా ఎత్తలేదు.

“కూర్చోవమ్మా, పెద్ద దెబ్బయితే ఈపాటికి చెప్పేవాళ్ళు” అన్నారు టీచరుగారు.

“ఎప్పుడు చెప్తారండీ, ఆయన బూట్ల కథే ఇంకా అవలేదు.”

టీవీకి ఎదురుగా నిలబడి కోటాయన్ని తిట్టాను. టీచరుగారు ఆయన సౌండు తగ్గించారు. నాది తగ్గించలేకపోయారు.

ఆట మళ్ళీ మొదలైంది. బంతంతా అవతలే. ఇవతల గోలు దగ్గర ఆకుపచ్చ చొక్కా చుక్కలా కనబడుతోంది. బదులు దిగిన పిల్లకైనా అదే చొక్కా ఇస్తారు. ఎవరని పోల్చుకోను?

ఉన్నట్టుండి బంతి ఇవతలికొచ్చింది. ఆకుపచ్చ చొక్కా పిల్ల ఒళ్ళంతా చాచి దూకింది. అందలేదు. గోలైపోయింది. టీచరుగారు తల పట్టుకున్నారు. అప్పుడు దగ్గరగా చూపించారు. నుదుటికి తెల్లకట్టుతో నా బిడ్డ. తనంతట తనే లేచి, దుమ్ము దులుపుకుని, ముందున్న పిల్లల మీద అరుస్తోంది.

నేను కూర్చున్నాను.

“ఓడిపోయేట్టున్నారమ్మా.”

“ఓడనివ్వండి. కాసిని మంచినీళ్ళు ఇస్తారా?”

ఓడారు. కోటాయన మళ్ళీ వచ్చి, ఆ గోలు ఎవరి తప్పో తేల్చడానికి ఆ బొమ్మే తిప్పి తిప్పి వేయించాడు. ఎన్నిసార్లు వేస్తే అన్నిసార్లూ చూశాను. పడింది, లేచింది.