కొండాయన అప్పగించిన సీసా

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, వంటలో నన్ను మించినవాడు దోహా మొత్తంలో లేడని. రెండోది, తిండి పారబోసినవాడు బాగుపడడని. మొదటిది పెళ్ళయిన వారానికే పోయింది. రెండోదాన్ని పట్టుకుని వేలాడి ఒక ఊరికి ఊరినే మోసం చేశాను. (మా ఊరిని కాదులెండి, జగిత్యాల వాళ్ళు కంగారు పడకండి. ఆ ఊరు గ్రీసు దేశంలో, కొండల మీద ఉంది.)

అప్పుడు నేనొక కంపెనీలో స్టోర్ కీపర్‌ని. మా ఫోర్‌మన్ గ్రీకు పెద్దాయన. మేము చాటుగా కొండాయన అనేవాళ్ళం, ఎందుకంటే నోరు తెరిస్తే వాళ్ళ కొండ ఊరి ముచ్చటే. రాతి గోడలు, పలకరాతి కప్పులు, చర్చి పక్కన ఊరందరికీ కలిపి ఒకే రొట్టెల పొయ్యి. ఆగస్టు పండుగకి ప్రతి ఇల్లాలూ తన ఇంటి పులిసిన పిండితో అక్కడ రొట్టె కాల్చేదట. పాత పిండి కొంచెం మిగిల్చి, అందులోనే కొత్తది కలుపుతూ తరాల తరబడి కాపాడుకునేవారట. ఇప్పుడు ఇళ్ళకు తాళాలు, పొయ్యిలో పిచ్చుకలు. ఊరి పిండిలో మిగిలింది ఆయన గదిలోని గాజు సీసాలో ఉన్నది మాత్రమే. అది వాళ్ళ అమ్మమ్మ కలిపి, అమ్మ కాపాడి, పోతూ పోతూ కొడుకు చేతిలో పెట్టినది. రిటైరయ్యాక ఆ పిండితో ఆ పొయ్యి మళ్ళీ వెలిగించాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. పిండి పులియడానికి చర్చిలో దీవించిన తులసి కొమ్మ పెడతామని చెప్పిన రోజు నుంచీ ఆయన నాకు దగ్గరి చుట్టంలాగే కనిపించేవాడు.

ఒకసారి మూడు వారాల సెలవు మీద వెళ్తూ ఆ సీసా నాకు అప్పగించాడు. (అంతకుముందు వెంట తీసుకెళ్తే బ్యాగులోనే పొంగి చొక్కాలన్నీ పాడుచేసిందట.)

"రెండు రోజులకోసారి సగం తీసి పారెయ్యి. మిగతా సగంలో పిండి, నీళ్ళు కలుపు. అంతే హబీబీ. జాగ్రత్త, ఇది మా అమ్మ" అన్నాడు.

పారెయ్యడమా! మా ఇంటా వంటా లేదు. తీసిన సగంలో ఉప్పు, జీలకర్ర, పచ్చిమిర్చి వేసి పునుగులు వేశాను. దూదిలా వచ్చాయి. నా రూమ్మేట్ (వరసకు బావ) పది లాగించి, "అరే, మా అవ్వ గూడ గింత మెత్తగ చెయ్యదురా! ఎల్లుండి మల్ల ఎయ్యి" అన్నాడు. పొగడ్తకు పడిపోయాను. ఆ ఎల్లుండీ వేశాను, ఆ పై ఎల్లుండీ వేశాను.

మూడో శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంప్ నుంచి మా ఊరివాళ్ళు ఆరుగురు దిగారు. వాయి మీద వాయి దింపుతున్నాను, పళ్ళెం ఖాళీ అవుతూనే ఉంది. అందరూ త్రేన్చి లేచాక, వంటిల్లు శుభ్రంగా ఉంచుకునే నా గొప్ప అలవాటు కొద్దీ గిన్నెలన్నీ తోమి బోర్లించాను. వాటి మధ్య కొండాయన సీసా కూడా తళతళలాడుతూ బోర్లా పడి ఉంది.

ఎత్తి చూస్తే అడుగున చుక్క పిండి లేదు, ఉంచాల్సిన సగం కూడా పునుగుల్లోకే పోయింది. బావ మాత్రం పళ్ళు కుట్టుకుంటూ, "పులిసిన పిండే గదరా! కింద బకాలా దుకాణంల దోశె పిండి పాకెట్ దొర్కుతది. తెచ్చి పొయ్. పెద్దాయనకేం ఎర్క?" అన్నాడు. పోశాను. పైన గోధుమపిండి కూడా కలిపాను. అది పొంగింది కూడా.

కొండాయన వచ్చి, మూత తీసి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. "అమ్మకి కోపమొచ్చింది. మూడు వారాలు వదిలేసి వెళ్ళాను కదా" అని, సీసా మీద చెయ్యి వేసి వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అన్నాడు. క్షమించమని అడుగుతున్నాడని భాష రాకపోయినా అర్థమైంది. అడగాల్సింది నేను. "ఏసీ వల్ల కావచ్చు సార్" అన్నాను. ఆ వారమే దాంతో రొట్టె కాల్చి, మొదటి ముక్క నా చేతిలో పెట్టాడు. బాగుందంటూ తినేశాను.

తర్వాత ఆయన రిటైరయ్యాడు. ఆ పిండిని దోహా ఎండలో ఎండబెట్టి, పొడి చేసి, భద్రంగా మూటగట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను భార్యాపిల్లలతో దోహా పక్కనే అల్ వక్రాలో ఉంటున్నాను. మొన్న ఆగస్టులో ఆయన దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. పొయ్యి వెలుగుతోంది. పండుగకి వచ్చిన జనం రొట్టెలు పట్టుకుని నవ్వుతున్నారు. కింద రాశాడు: "మా అమ్మ రొట్టె. అందరూ తలా కొంచెం పిండి అడిగి ఇళ్ళకి పట్టుకెళ్ళారు. ఆ మూడు వారాలు కాపాడిన పుణ్యం నీదే హబీబీ."

"సార్, మీకొక మాట చెప్పాలి" అని టైపు చేశాను. ఈ కథంతా తెలిసిన మా ఆవిడ తొంగిచూసి, "చెప్తే ఆయనకు ఏం మిగుల్తది? చెప్పకపోతే నీకేం మిగుల్తది?" అంది. చెరిపేసి, రొట్టె బాగుందని పంపాను. ఆయనకు నిజం చెప్పాల్సిన రోజు సీసా తోమిన రోజే, అది దాటిపోయి చాలా ఏళ్ళయింది. ఆనాటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గూ, నవ్వూ కలిసే వస్తాయి. సీసాని అంత శుభ్రంగా కడిగినవాడికి, నోరు తెరిచి ఒక్క మాట అనడం చేతకాలేదు.