తమ్ముడు గీసిన గోడ

"సరే బావా, నిన్న ఎక్కడ ఆపావు? ఆ ఆట రెండో భాగంలో దయ్యాలు మెతకగా ఉంటాయన్నావు. అక్కణ్ణుంచి చెప్పు," అన్నాడు టైలరు, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"మెతకగా అనలేదు, మర్యాదగా అన్నాను. ఎదురుగా వచ్చి నిలబడి, నువ్వు కత్తి తీసేదాకా ఆగుతాయి. మొదటి భాగంలో అలా కాదు. మూల తిరిగేసరికి మెడ మీదుంటాయి."

"అయితే నాకు రెండోదే బాగుంది. ఈ రోజుల్లో మర్యాద తెలిసిన దయ్యాలు ఎక్కడ దొరుకుతాయి చెప్పు."

ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకే షట్టరు కింద చెక్క అడ్డం పెట్టుకుని, అటు కుట్టుమిషను, ఇటు రిపేరు బల్ల వేసుకుని ఇరవై ఏళ్ళయింది. అంతకాలం ఒకరి దగ్గు ఒకరు వింటూ బతికాక బావ అనక ఏమంటారు?

"పైగా మొదటిదాంట్లో దారి చూపించే పటమే లేదంటావు. అది లోపం కాదా? జేబు మర్చిపోయి చొక్కా కుట్టేసి, అసలైన చొక్కా అంటే ఇదీ అంటే, కుట్టించుకున్నవాడు ఊరుకుంటాడా?"

"పటం లేదు కాబట్టే పక్కన మనిషి కావాల్సొచ్చింది," అన్నాడు మెకానిక్కు. అని, ఆ మాట అక్కడే వదిలేసి, చేతిలో ఉన్న రిమోటు వెనక మూత తీశాడు.

ఆ వీధిలో అతన్ని 'మొదటిభాగం' అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. పాడైన వీడియో ఆటల పెట్టె పట్టుకుని ఎవరొచ్చినా సరే, రిపేరు ఎంతసేపు పడుతుందో చెప్పేముందు 'బూడిదకోట' ఆడావా అని అడుగుతాడు. ఆడానంటే ఎన్నో భాగం అంటాడు. ఐదు అన్నవాళ్ళను జాలిగా చూస్తాడు. మూడు అంటే తల ఊపుతాడు. మొదటిది అన్నవాళ్ళు కనిపించి చాలా ఏళ్ళయింది. నలభై ఆరేళ్ళ మనిషికి, నెత్తి మీద వెంట్రుకలు సెలవు తీసుకున్నాక, ఇదేం గోల అని వాళ్ళావిడ కూడా నవ్వి ఊరుకుంది. అతనికది గోల కాదు. ఎందుకు కాదో అతనొక్కడికే తెలుసు.

ఆ మధ్యాహ్నం ఒక అమ్మాయి గుడ్డసంచి ఛాతీకి హత్తుకుని వచ్చి నిలబడింది.

"బాబాయ్, ఈ కుర్చీలో కూర్చోవచ్చా, లేక ఇది కూడా రిపేరుకొచ్చిందా?"

అన్నయ్య కూతురు. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఈ షాపు మెట్టెక్కి నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, భోజనాల బల్ల దగ్గర, వందమంది వింటుండగా అన్నయ్య, "మొదటి భాగం తప్పులతడక. ముగింపే లేని ఆట. దాన్ని పట్టుకుని వీడు ఊగుతాడు," అన్నాడు. అందరూ నవ్వారు. ఇతను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. అప్పట్నుంచి మాటల్లేవు.

"కూర్చో అమ్మలూ. మీ నాన్న పంపాడా?"

"పంపలేదు. దీన్ని అటక మీంచి తనే దింపాడు. నిచ్చెన మీద కాలెక్కడ పెట్టాలో కనబడక రెండుసార్లు తడుముకున్నాడు. అమ్మ కేకలేసింది. ఇది బాగుచేసేవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, వాడు నాతో మాట్లాడడు అన్నాడు. అందుకని నేనొచ్చా."

సంచిలోంచి పాత తువ్వాల్లో చుట్టిన పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. ముప్ఫైనాలుగేళ్ళ నాటి ఆటల పెట్టె. నోట్లో బూడిదకోట మొదటి భాగం క్యాసెట్టు అలాగే ఉంది. ఎండకు రంగు మారి, టీ మరకల గుడ్డలా అయింది.

"కాలు కనబడక అంటున్నావేంటి?"

"నీకు తెలియదు కదూ," అంది ఆ అమ్మాయి. తెలియకపోవడానికి కారణం ఇద్దరికీ తెలుసు. "కంటి నరం ఎండిపోతోంది బాబాయ్. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త కనిపిస్తుంది, చుట్టూ ఏమీ లేదు. ఒకరోజు పక్కనుంచి వచ్చిన స్కూటరు కనబడలేదట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాడు తనే డిపోకి వెళ్ళి, నేనింక బస్సు నడపను అని చెప్పేశాడు. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని పాసులు రాస్తున్నాడు."

మెకానిక్కు స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు. ఇరవైఎనిమిదేళ్ళు బస్సు నడిపిన మనిషి.

"డాక్టరమ్మ ఈ ఏడాది దాటేసరికి మిగిలింది కూడా పోవచ్చంది. ఏమేం చూడాలనుంది నాన్నా అని అడిగా. కొండలనో సముద్రమనో అంటాడనుకున్నా. బూడిదకోట మొదటి భాగం ముగింపు అన్నాడు." నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది. "అది లేదని నువ్వే అంటావు కదా అంటే, ఇంకోసారి నింపాదిగా వెతుకుతా, ఎక్కడో నేనే చూసుకోలేదేమో అన్నాడు. ఇదిగో, నోటుబుక్కు కూడా ఇచ్చాడు. వాడి గీతలుంటే దారి తప్పను అన్నాడు."

మెకానిక్కు నోటుబుక్కు అందుకుని అట్ట మీద వేలు పెట్టి చూశాడు. దాన్ని కుట్టింది వాళ్ళ నాన్న. అచ్చాఫీసులో బైండరు ఆయన. మిగిలిపోయిన గళ్ళ కాగితాల ముక్కలు తెచ్చి, నల్ల అట్ట వేసి, వీపుకి ఎర్రగుడ్డ అంటించి ఇచ్చాడు. 'మీ ఇద్దరూ ఏం గీస్తారో గీసుకోండి గానీ గోడల మీద మాత్రం వద్దు' అన్నాడు.

"రేపు సాయంత్రానికి చూస్తా," అన్నాడు మెకానిక్కు. అమ్మాయి వెళ్ళిపోయింది.

పెట్టె విప్పాడు. లోపల రెండు కెపాసిటర్లు ఉబ్బి, ఒకటి కారి, బోర్డు మీద పచ్చగా చిలుము పట్టింది. పాతవి తీసి కొత్తవి అతికించాడు. క్యాసెట్టు కింది రాగి పళ్ళను రబ్బరుతో రుద్ది, స్పిరిటు అద్దాడు. చచ్చిపోయినవాటిని లేపడంలో ఆ చేతికి పేరుంది. ఆ రోజు మాత్రం, ఇది లేవకపోతే బాగుండునని ఆ చెయ్యే అనుకుంది. బోర్డు పోయిందమ్మలూ, నా వల్ల కాలేదు అంటే ఎవరు కాదంటారు? అంత సులువు. మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి గీతలతో కోట తలుపు.

ఆ కోటంతా అంతే. నల్లటి చీకటి, తెల్లటి గీతలు, ఎటు చూసినా ఒకే రకం గోడలు. ఎక్కడున్నావో ఆట చెప్పదు. అప్పట్లో వాళ్ళు ఉన్న, అచ్చాఫీసు పైన రెండు గదుల్లో, పదిహేడేళ్ళ అన్న జాయ్‌స్టిక్కు పట్టుకుని కేకేసేవాడు. "ముందుకి మూడు. ఎడమ. ముందుకి ఒకటి. గోడ. గీశావా?" పన్నెండేళ్ళ తమ్ముడు కింద బోర్లా పడుకుని పెన్సిలుతో గళ్ళు దిద్దేవాడు. "గీశా." ఏడాదిపాటు బడి నుంచి రాగానే ఇదే పని. అన్న లేకపోతే అడుగు పడదు, తమ్ముడు లేకపోతే ఆ అడుగు ఎక్కడ పడిందో తెలియదు. ఆట ఆపేటప్పుడు తెర మీద పదహారు అక్షరాలు వచ్చేవి. మర్నాడు అవే కొడితే ఆపిన చోటే మొదలవుతుంది. వాటిని రాసిపెట్టే బాధ్యత కూడా తమ్ముడిదే.

మెకానిక్కు పేజీలు తిప్పాడు. తనకు కావలసిన పేజీ ఎక్కడుందో వేలికే తెలుసు. కోట అడుగున నేలమాళిగ.

అక్కడ అన్నయ్య నీలం సిరా కనిపించింది. తను బడిలో ఉన్నప్పుడు పెట్టుకున్నాడు కాబోలు, ఇది అతను ఎప్పుడూ చూడలేదు. ఆ కోటలో కొన్ని గోడల్ని కత్తితో కొడితే తలుపులు తెరుచుకుంటాయి. అన్నయ్య నేలమాళిగలో ఒక్కో గోడనూ కొట్టి, కొట్టినదాని పక్కన టిక్కు పెట్టుకున్నాడు. రెండోసారి కొట్టినవాటికి రెండు టిక్కులు. కొన్నింటికి నాలుగు. పేజీ అంతా చీమలు పట్టినట్టు టిక్కులు. తూర్పు మూల ఒక్క గోడకి మాత్రం టిక్కు లేదు. అది పెన్సిలుతో నొక్కి నొక్కి గీసిన గోడ. దాని పక్కన చిన్న అక్షరాల్లో, 'ఇది తమ్ముడు చూశాడు' అని ఉంది.

మెకానిక్కు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆ రోజు అన్నయ్య పరీక్ష రాయడానికి వెళ్ళాడు. రెండో భాగం క్యాసెట్టు అప్పటికే అలమారలో ఉంది. ఇది అయ్యాకే అది అని అన్నయ్య నియమం. తమ్ముడు ఆ డబ్బా తిప్పి చూశాడు. ఇకపై దారి గీసుకోనక్కర్లేదు, పటం తెర మూలలోనే కనిపిస్తుంది అని వెనకాల గొప్పగా వేశారు. రెండుసార్లు చదివాడు. తర్వాత పెట్టె పెట్టుకుని ఒంటరిగా నేలమాళిగలోకి దిగాడు. ఏమీ తోచక తూర్పు మూల గోడను కొట్టాడు. అది తెరుచుకుంది. కిందికి మెట్లు, మెట్ల చివర వెలుతురు. చివరి గది అదేనని అర్థమైపోయింది. పెట్టె ఆపేశాడు. నోటుబుక్కు తీసి అక్కడొక గోడ గీశాడు. కాగితం చిరిగేంత గట్టిగా.

అన్నయ్య రాగానే అడిగాడు. "తూర్పు మూల చూశావా?"

"చూశా. కొట్టి కూడా చూశా. గోడే."

"గీశావా?"

"గీశా."

నాలుగు నెలలు వెతికాడు అన్నయ్య. తర్వాత విసుగెత్తి, ఈ ఆట తయారుచేసినవాడికే దారి తెలియదని తిట్టి, రెండో భాగం పెట్టాడు. తెర మూల పటం వచ్చింది. పక్కన కూర్చున్న తమ్ముణ్ణి "నువ్వెళ్ళి చదువుకోరా" అన్నాడు. కోపంతో కాదు, పని లేదు కనుక. ఏది జరగకూడదని గోడ గీశాడో, అది నాలుగు నెలలు ఆలస్యంగా జరిగింది. అంతే తేడా. మూడో భాగం వచ్చేసరికి అన్నయ్యకు స్నేహితులు వేరు, గది వేరు.

మెకానిక్కు చివరి పేజీలోని పదహారు అక్షరాలు కొట్టాడు. నేలమాళిగ వచ్చింది. ముందుకి మూడు, ఎడమ, ముందుకి ఒకటి. కత్తి ఎత్తి కొట్టాడు. గోడ తెరుచుకుంది. మెట్లు. వెలుతురు. దిగలేదు. ఆపేశాడు.

"ఇంతకీ ముగింపులో ఏముంటుంది బావా?" చెక్క మీదుగా టైలరు మొహం కనిపించింది. ఎప్పట్నుంచి చూస్తున్నాడో.

"నాకు తెలియదు."

"వేళాకోళమా? ఇరవై ఏళ్ళుగా నా చెవిలో జోరీగలా, దాన్ని మించింది లేదు లేదు అని..."

"నేనూ చూడలేదు. సగంలో ఆపిన ఆట అది. దాంతో పోల్చి మిగతావన్నీ పనికిరావన్నాను." తర్వాత జరిగిందంతా చెప్పాడు. టైలరు మిషను చక్రం చేత్తో పట్టుకుని, తిప్పకుండా విన్నాడు.

"ఇదా నీ మొదటి భాగం," అన్నాడు చివరికి. గొంతు తగ్గించి, "ఆ గీత చెరిపెయ్యి. మీ అన్నకు ఎలాగూ సరిగ్గా కనబడదు. తలుపు గీసి పెట్టు. తనే చూసుకోలేదనుకుంటాడు. గొడవ ఉండదు," అన్నాడు.

చెడ్డ సలహా ఏమీ కాదు. అన్నయ్య ఇప్పటికే తప్పు తన మీద వేసుకున్నాడు కదా, నేనే చూసుకోలేదేమో అని. మెకానిక్కు క్యాసెట్టు పళ్ళు రుద్దిన రబ్బరే తీసుకుని ఆ గోడ మీద రుద్దాడు. ముప్ఫైనాలుగేళ్ళ పెన్సిలు నాలుగు రుద్దులకే పోయింది. దాని కింద కాగితంలో పడిన గాడి మాత్రం పోలేదు. వేలు పెడితే తగులుతోంది. నిచ్చెన మెట్లు తడుముకునే మనిషి ఈ పేజీని తడమడా? తడిమితే ఏమనుకుంటాడు? పక్కనే తన సిరా అక్షరాలు ఎటూ పోవు, 'ఇది తమ్ముడు చూశాడు'.

పెన్సిలు చెక్కి ఆ గీత మళ్ళీ అలాగే గీశాడు. ఈసారి కొంచెం వంకర పోయింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు టైలరు.

"ఉన్నది ఉన్నట్టు పంపిస్తా. ముందు నేను చెప్పాలి."

"కోప్పడితే? చూపున్న రోజుల్లో నాలుగు నెలలు తినేశావురా అంటే? అవి మామూలు నాలుగు నెలలు కావిప్పుడు. ఆయన చూపుకి మిగిలిందే అంత."

"అననీ."

గోడ గడియారం ఐదూ ఇరవై చూపిస్తోంది. అన్నయ్య ఐదున్నరకి డిపో నుంచి బయటపడతాడు. ఆరింటికి వదిన కళ్ళలో చుక్కలు వేస్తుందట, పావుగంట రెప్పలు తెరవకుండా పడుకోవాలట. పిల్ల వెళ్తూ వెళ్తూ చెప్పిన మాట. ఆ పావుగంటలో ఫోను వస్తే వదిన తీసి ఆయన చెవి దగ్గర పెడుతుంది. విసురుగా లేచి వెళ్ళిపోవడానికి ఉండదు, మొహం తిప్పుకోవడానికీ ఉండదు. అలా పట్టుకోవడం న్యాయం కాదేమో. కానీ వేరే సమయంలో అతను ఈ మాట చెప్పలేడు.

పెట్టెకు తువ్వాలు చుట్టి, పైన నోటుబుక్కు పెట్టి, ఫోనులో నాలుగేళ్ళుగా తాకని నంబరు తీసి బల్ల మీద ఉంచాడు. ఆరూ రెండుకి చెయ్యాలి, చుక్కలు వేసిన మరుక్షణం కాకుండా. టైలరు దీపం కూడా వెయ్యకుండా అటు తిరిగి కూర్చున్నాడు.