గుడివాడ పోటీలో మాట్లాడిన మేక

ఆ ఉదయం మా బందరు ఇంట్లో అన్ని ఉదయాల్లాంటిదే. దీపం పెట్టి, తులసికి నీళ్లు పోసి వచ్చేసరికి పాలు పొంగాయి. మా చెల్లెలు రాజ్యం వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో పులి-మేక గీతలు గీసి కూర్చుంది. గులకరాళ్లు పులులు, చింతగింజలు మేకలు. పులి మేక మీదుగా దూకితే మేక పోయినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులను కదలనివ్వకపోతే గెలుపు మేకలది. రాజ్యం అత్తవారి దివిసీమలో దీనికి ఇంకో పద్ధతి ఉంది. పులి దూకే ముందు "ఏమైనా చెప్పుకుంటావా?" అని అడగాలి. మేక జవాబుకి పులికి నవ్వొస్తే ఆ మేకను వదిలేయాలి.

ఉప్పెన రాజ్యం భర్తను, వాళ్ల ఇంటిని తీసుకుపోయి ఏడాది దాటింది. అప్పటినుంచి రాజ్యం నోరు విప్పేది ఆటలోనే, పులైతే ఆ ఒక్క ప్రశ్నకి, మిగతాదంతా మేకగానే. "ఆగవే పులీ, ఒంటికి నూనె రాసుకున్నాను, జారిపడతావు" అంటుంది. ఆట ముగిస్తే మళ్లీ మౌనం. "నలుగురిలో పడితే మాటొస్తుందక్కా" అని తమ్ముడు సత్యం గుడివాడ పులి-మేక పోటీకి దాని పేరిచ్చి వచ్చాడు.

ఆదివారం పొద్దున్నే పాసింజరు ఎక్కాం. పెడన దాటాక రెండు పక్కలా వరి కుప్పలే. గంటన్నరలో గుడివాడ. స్టేషన్ నుంచి హాలుకి రిక్షా రూపాయి.

"పోటీకాండీ? మీరు పులా, మేకా?" అన్నాడు రిక్షా అతను.

"నేను చూడ్డానికే బాబూ."

"అయితే కాపరన్నమాట. ఎక్కండి, మంద జాగర్త!"

హాలు లోపల పోటీ, బయట వరండాలో సరదా ఆట. వరండా అంతా గాండ్రింపులు, మే మే అని అరుపులు. లోపల ఫ్యాను చప్పుడు తప్ప మరేం లేదు. నోరు విప్పితే ఓడినట్టే అని నియమం, అది మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. గీతల మీద చూపు నిలిపి వాళ్లు కూర్చున్న తీరు జపంలో ఉన్నట్టు తోచి, నాకు గౌరవం కలిగింది. భయమూ వేసింది. రాజ్యానికి మిగిలిన ఆ కాస్త మాటా ఇక్కడ పోతే? మనసులో అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాను.

చీటీలో రాజ్యానికి పులులు వచ్చాయి. ఎదుట ఖాదర్‌గారు, ఆ ఊళ్లోనే సైకిలు షాపు. చాలాసేపు ఇద్దరూ సమానంగా ఆడారు. చివరికి ఒక్క మేక పోతే రాజ్యం గెలిచినట్టే. పులి మీద చెయ్యి వేసి, ఇంటి అలవాటు కొద్దీ అడిగేసింది. "ఏమైనా చెప్పుకుంటావా?"

తలలన్నీ లేచాయి. "అమ్మా, మాట్లాడారు. మీ ఆట పోయింది" అన్నారు నిర్ణేతగా ఉన్న డ్రిల్లు మాస్టారు. రాజ్యం ముఖం పాలిపోయింది.

ఖాదర్‌గారు అది చూశారు. ఊరుకుంటే గెలుపు ఆయనదే. "మొన్న బక్రీదే గట్టెక్కొచ్చాను తల్లీ, ఇప్పుడు నీ చేతిలో పోనా?" అన్నారు.

రాజ్యం ఫక్కున నవ్వింది. నవ్వుతూనే పులిని వెనక్కి తీసుకుంది.

"ఏమండీ ఖాదర్‌గారూ, మీరు కూడానా! ఇద్దరూ బయటికి!" అన్నారు మాస్టారు, మీసాల చాటున నవ్వు ఆపుకుంటూ.

"పోతే పోయిందిలెండి మాస్టారూ. రామ్మా, వరండాలో చూసుకుందాం."

మధ్యాహ్నం దాకా ఆడుతూనే ఉన్నారు. ఒక ఆట మధ్యలో, "ఈ అడిగే పద్ధతి ఎక్కడిదమ్మా?" అన్నారాయన.

"మా ఊరిదండీ. సముద్రం పక్కన. మా ఆయన నేర్పారు."

అది మేక మాట కాదు. నేను పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

లోపలి వాళ్ల నిష్ఠ నిజంగా చూడదగ్గది. కాని ఎదుటివారి కోసం గెలుపు వదులుకున్న మనిషిని నేను ఆ రోజే చూశాను. వెళ్లదలచినవారు పొద్దున లోపల పోటీ చూసి, తర్వాత వరండాలో కూర్చోండి. అక్కడ ముందుగా పేరివ్వక్కర్లేదు. చాప మాత్రం వెంట తీసుకెళ్లండి, చలికాలం ఆ గచ్చు మీద కూర్చోలేం.

సాయంత్రం ఇల్లు చేరాక రాజ్యం, "అక్కా, ఒకసారి మా ఊరు చూసొద్దాం" అంది. సత్యం నా వైపు చూశాడు. అక్కడ గోడ కూడా మిగల్లేదని ముగ్గురికీ తెలుసు. అయినా వచ్చే ఆదివారం అవనిగడ్డ మొదటి బస్సుకి ముగ్గురం బయల్దేరాలని నిశ్చయించుకున్నాం.